ఆదివారం ఫైనల్‌కి ఆ బ్యానర్ తీసుకెళ్లాలా వద్దా?

బరంపురం స్టాపర్ (బుధవారం రాత్రి):

పోస్టు పెద్దదే, ఓపికున్నవాళ్లు చదవండి, చదివాక మాత్రం తప్పకుండా ఒక మాట చెప్పండి. మా వాట్సాప్ గ్రూపులో మూడు రోజుల నుంచి ఒకర్నొకరు తిట్టుకోవడం తప్ప ఏమీ తేలలేదు.

మా ఊరు ఒడిశాలోని బరంపురం నుంచి బస్సులో ముప్పావు గంట. పేరు చెప్పను, చెప్తే ఎవరి గురించి మాట్లాడుతున్నానో గంజాం జిల్లాలో సగం మందికి తెలిసిపోతుంది. ఏటా సంక్రాంతి వెళ్లాక మా గ్రౌండ్‌లో ఫుట్‌బాల్ టోర్నమెంటు జరుగుతుంది. 16 టీములు. గెలిచినవాళ్లకి కప్పు, కొంత డబ్బు, ఒక ఖాసీ. (ఆంధ్రా వైపు వాళ్లకి: ఖాసీ అంటే మేకపోతు. కప్పు క్లబ్బులో ఉంటుంది, ఖాసీ ఆ రాత్రే అయిపోతుంది, అందుకే అందరి కళ్లూ దాని మీదే.) మా వీధి టీములో సగం మంది తెలుగువాళ్లం, సగం మంది ఒడియావాళ్లు. గ్రౌండ్‌లో కేకలన్నీ ఒడియాలోనే, తిట్లు మాత్రం తెలుగులో.

ఇక అసలు గొడవ. గ్రౌండ్‌కి రోడ్డు వైపు అంచున షాపులు కడతారని నాలుగు నెలలుగా వింటున్నాం. దీపావళి తర్వాత సున్నంతో గీత కూడా గీశారు. ఆ గీత సైడ్ లైన్ నుంచి ఎనిమిది అంగలు లోపలికి ఉంది. షాపులు లేస్తే మా కార్నర్ జెండా పాతే చోటు ఎవరి కొట్లోనో బియ్యం బస్తాల మధ్య ఉంటుంది. ఆ కట్టుబడి పని ఎవరికి వస్తుందని ఊళ్లో అనుకుంటున్నారో, ఆయనే మా టోర్నమెంటుకి కప్పులు కొనిచ్చే పెద్దమనిషి. రెండు టీములకి జెర్సీలు కుట్టించిందీ ఆయనే, ఆటగాళ్లకి మధ్యాహ్నం అన్నం, దాల్మా (కూరగాయలు వేసిన ఒడియా పప్పు) పెట్టించేదీ ఆయనే. నేనూ తిన్నాను, అబద్ధం ఎందుకు, దాల్మా బాగుంటుంది.

మా మేనత్త కొడుకు బొమ్మలు బాగా వేస్తాడు. సెమీస్‌కి ముందు రోజు రాత్రి పొడవాటి తెల్ల గుడ్డ తెచ్చి, పైన పెద్ద అక్షరాలతో "బంతికి చోటు లేదు, కొట్లకి ఉందా?" అని రాశాడు. కింద బొమ్మ. బొజ్జ ఉన్న మనిషి గోల్‌పోస్టుని చాపలా చుట్టి చంకలో పెట్టుకుని పోతున్నట్టు. మెలి తిప్పిన మీసం, చేతికి ఉంగరాలు. దాని కింద "సెల్ఫ్ గోల్ ఎవరిది సార్?" అని ఇంకో లైను. ఎవరి బొమ్మో ఊళ్లో చిన్న పిల్లాణ్ణి అడిగినా చెప్తాడు.

సెమీస్‌లో మొదటి సగం దాకా ఎవరూ ఏమీ అనలేదు, అవతలి టీము వాళ్లు కూడా ఫోన్లలో ఫొటోలు తీసుకున్నారు. హాఫ్ టైములో ఆ పెద్దమనిషి కారు దిగాడు. ఐదు నిమిషాల్లో కమిటీ వాళ్లు నలుగురు వచ్చి గుడ్డ లాగేశారు. మావాళ్లు అటు లాగారు, వాళ్లు ఇటు లాగారు, ఎవరిదో చెప్పు గాల్లోకి లేచింది. కమిటీలో ఒకాయనకి తెలుగు చదవడం రాదు, పక్కనున్న ఇంకొకాయన "దొంగ అని రాశారు" అని అర్థం చెప్పాడట. దొంగ అన్న మాట అందులో ఎక్కడా లేదు. కాసేపటికి మైకులో చెప్పారు: ఫైనల్ రోజు ఆ గుడ్డ గ్రౌండ్‌లో కనిపిస్తే మా టీము 3-0తో ఓడిపోయినట్టు రాసేస్తారట.

మేం ఆ మ్యాచ్ గెలిచాం. మా వీధి ఫైనల్‌కి రావడం ఇదే మొదటిసారి. ఇప్పుడు బావ, ఇంకో పది మంది, ఆదివారం తీసుకెళ్లి తీరతామంటున్నారు. మా కెప్టెన్ ఒడియా కుర్రాడు, వాడేమో "గుడ్డ వస్తే నేను జెర్సీ విప్పి మీ చేతికిచ్చి ఇంటికి పోతా" అంటున్నాడు. నేను ఇద్దరికీ మధ్యలో ఉన్నాను, ఆటలోనూ వెనక నిలబడి అడ్డుకునే స్టాపర్‌నే, ఇక్కడా అదే పని. అభిమానులు చేసినదానికి టీముని ఓడించొచ్చా అసలు? బ్యానర్ తీయించడం కరెక్టేనా? మీరైతే ఏం చేస్తారు?

పర్లాకిమిడి పాత విజిల్:

బాబూ, నేను స్కూల్లో పీఈటీగా రిటైరయ్యాను, జిల్లా మ్యాచ్‌లకి చాలా ఏళ్లు విజిల్ ఊదాను. నీకు నచ్చకపోయినా చెప్తాను. తీసుకెళ్లొద్దు.

అభిమానుల తప్పుకి టీముని శిక్షించొచ్చా అని అడిగావు. శిక్షిస్తారు, ప్రపంచమంతా అదే పద్ధతి. యూరప్‌లో ఫుట్‌బాల్ నడిపే సంస్థ యుయెఫా రూలు ఏమిటంటే గ్యాలరీలో ఎవడు ఏం చేసినా క్లబ్బే జవాబుదారీ, క్లబ్బు తప్పు ఉందా లేదా అని చూడరు. రాజకీయం, మతం, సిద్ధాంతం, తిట్టు, వీటిలో ఏది బ్యానర్ మీద కనిపించినా ఆటకి తగని సందేశం కింద వేసి జరిమానా రాస్తారు.

2014 అక్టోబరులో బెల్‌గ్రేడ్‌లో సెర్బియా, అల్బేనియా ఆడుతున్నాయి. నలభై నిమిషాలు దాటాక డ్రోన్‌కి కట్టిన జెండా ఒకటి గ్రౌండ్ మీదకి వచ్చింది, అల్బేనియా పటాన్ని పెద్దది చేసి గీసిన జెండా. సెర్బియా ఆటగాడు ఎగిరి దాన్ని లాగాడు, అల్బేనియా వాళ్లు వాడి మీద పడ్డారు, జనం లోపలికి దూకారు, మ్యాచ్ ఆగిపోయింది, మళ్లీ మొదలవలేదు. యుయెఫా ముందు సెర్బియాకి 3-0 అని రాసి, మళ్లీ వాళ్లకే 3 పాయింట్లు కోసింది. మరుసటి ఏడాది స్విట్జర్లాండ్‌లోని క్రీడా న్యాయస్థానం దాన్ని తిరగేసి అల్బేనియాకి 3-0 ఇచ్చింది. ఇన్ని కాగితాలు నడిచాయి, ఆ రోజు ఆడాల్సిన మిగతా సగం ఆట మాత్రం ఎవరూ చూడలేదు. జెండా ఎగరేసినవాడు బంతి తన్నలేదు, బంతి తన్నేవాళ్లు దెబ్బలు తిన్నారు. నాకు గుర్తుండేది అదే.

మీ కమిటీకీ ఒక మాట. మైకులో అప్పటికప్పుడు 3-0 అనడం రూలు కాదు, బెదిరింపు. ఎంట్రీ ఫీజు కట్టినప్పుడు ఇచ్చిన కాగితంలో ఆ మాట ఉందా? లేకపోతే రాతపూర్వకంగా అడగండి. కానీ ఆదివారం ముందు ఆడండి. ఊళ్లో టోర్నమెంటు నడపడం ఎంత కష్టమో నాకు తెలుసు, గ్రౌండ్ పర్మిషన్‌కి, మైకు పర్మిషన్‌కి ఎన్ని ఆఫీసులు తిరగాలో, ఎంతమందికి నమస్కారాలు పెట్టాలో. ఒక్క ఏడాది ఆగిందంటే మళ్లీ మొదలవదు, మా వైపు ఒకటి అలాగే పోయింది.

జయపురం లెఫ్ట్ వింగ్:

మాస్టారూ, మీ మీద గౌరవం ఉంది గానీ ఆ డ్రోన్ ఉదాహరణ ఇక్కడికి అతకదు. అక్కడ గొడవ దేశాల పటం గురించి, ఇక్కడ గొడవ కార్నర్ జెండా గురించి. గ్రౌండ్‌లో కూర్చున్నవాడు గ్రౌండ్ గురించి మాట్లాడకూడదంటే ఇంక దేని గురించి మాట్లాడాలి, వరి రేటు గురించా?

బ్యానర్ల వల్ల పనులవుతాయి. కోల్‌కతా క్లబ్బు మోహన్ బగాన్ సంగతి చూడండి. 2020లో ఏటీకే అనే టీముతో కలిపేసి క్లబ్బు పేరు ముందు ఆ మూడక్షరాలు తగిలించారు. నూరేళ్లు దాటిన క్లబ్బు పేరు ముందు నిన్న పుట్టిన కంపెనీ టీము పేరు! అభిమానులు "రిమూవ్ ఏటీకే" అని బ్యానర్లు కట్టారు, ఊరేగింపులు చేశారు, కొందరు మ్యాచ్‌లకే రావడం మానేశారు. మూడేళ్లు అలా పోరాడితే 2023 మార్చిలో ఐఎస్ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) కప్పు గెలిచిన రాత్రే యజమాని స్వయంగా ఆ పేరు తీసేస్తున్నామని చెప్పాడు. జరిమానాలకి, గేటు దగ్గర సెక్యూరిటీకి భయపడి మడతపెట్టి ఇంట్లో పెట్టుకుని ఉంటే ఇప్పటికీ ఆ మూడక్షరాలే ఉండేవి.

ఇంకొకటి, ఇది నాకు బాగా ఇష్టమైన కథ. 2016 ఆగస్టులో గ్లాస్గోలో సెల్టిక్ అభిమానులు ఇజ్రాయెల్ క్లబ్బుతో మ్యాచ్‌లో పాలస్తీనా జెండాలు ఎత్తారు. తప్పా ఒప్పా అన్నది పక్కన పెట్టండి, ఆ ఒక్క మాట మీద ఇక్కడ ఇంకో నలభై పోస్టులు పడతాయి. యుయెఫా దాదాపు 8,600 పౌండ్లు జరిమానా వేసింది. అభిమానులు ఏడుస్తూ కూర్చోలేదు, జరిమానా ఎంతో అంత మనం పాలస్తీనా వాళ్లకి పంపుదాం అని చందా మొదలుపెడితే 1,70,000 పౌండ్లు దాటింది. శిక్ష వేసి నోరు మూయిద్దామనుకుంటే ఇంకా గట్టిగా వినపడింది.

నా ఓటు మీ బావకి. 3-0 రాస్తే రాయనీ, ఖాసీ ఎంతవుతుందో చెప్పండి, మనమే చందా వేసుకుని ఇంకోటి కొందాం.

బరంపురం స్టాపర్:

@లెఫ్ట్ వింగ్, నవ్వొచ్చింది గానీ మా కెప్టెన్‌కి కావాల్సింది ఖాసీ కాదు అన్నా. వాడు పన్నెండేళ్ల నుంచి ఈ టోర్నమెంటు ఆడుతున్నాడు. సూరత్‌లో మగ్గం మీద పని, ఈ పది రోజుల కోసం సెలవు పెట్టుకుని రైలెక్కి వస్తాడు.

@మాస్టారూ, కాగితం వెతికాను. "క్రమశిక్షణ పాటించాలి" అని తప్ప ఏమీ లేదు.

గుణుపురం పది నంబరు:

నేను ఆడపిల్లల టీములో ఆడతాను, కాబట్టి నాకు ఇంకోలా కనిపిస్తోంది. మీరంతా కప్పు, ఖాసీ, 3-0 అని మాట్లాడుతున్నారు. మా ఊళ్లో కూడా గ్రౌండ్ ఒక్కటే. సాయంత్రం మధ్యలో అబ్బాయిలు ఆడతారు, ఇంకో పక్క క్రికెట్, మాకు మిగిలేది రోడ్డు వైపు అంచు. బంతి రోడ్డు మీదకి పోతే ఆటోల మధ్య పరిగెత్తి తెచ్చుకోవడం మా రోజూ ప్రాక్టీసులో భాగం. మీ ఊళ్లో ఎలాగో తెలీదు గానీ, షాపులు వచ్చేది ఎప్పుడూ ఆ అంచునే. ముందు పోయేది అక్కడ ఆడేవాళ్లే, తర్వాతే కార్నర్ జెండా. అందుకని మొదటి లైను విషయంలో నేను పూర్తిగా మీ బావ వైపు. ఆ లైను ఎవరూ తీయించకూడదు.

కానీ బొమ్మ? బొజ్జ, మీసం, ఉంగరాలు. ఆయన సన్నగా ఉంటే షాపులు కట్టొచ్చా? గ్రౌండ్ గురించి మొదలైన మాట ఆయన ఒంటి మీదకి పోయింది, ఇప్పుడు ఊళ్లో షాపుల గురించి ఎవరైనా మాట్లాడుతున్నారా, లేక ఆయన్ని అవమానించారా లేదా అనే మాట్లాడుతున్నారా? నిజం చెప్పండి.

2020 ఫిబ్రవరి 29న జర్మనీలో అచ్చం ఇదే అయింది. హోఫెన్‌హైమ్ అనేది చిన్న ఊరి క్లబ్బు, డీట్మార్ హోప్ అనే సాఫ్ట్‌వేర్ కుబేరుడి డబ్బుతో పైకొచ్చింది. అక్కడ క్లబ్బుల మీద ఓటు హక్కులో సగం కంటే ఎక్కువ సభ్యుల చేతిలోనే ఉండాలని రూలు, ఆయనకి మినహాయింపు ఇచ్చారని మిగతా క్లబ్బుల అభిమానులకి మంట. పైగా డోర్ట్‌మండ్ అభిమానులందర్నీ కలిపి రెండేళ్లు ఆ గ్రౌండ్‌కి రావద్దన్నారు, తప్పు చేసినవాడినీ చేయనివాడినీ. న్యాయమైన కోపమే. కానీ బయెర్న్ అభిమానులు బ్యానర్ మీద ఏం రాశారు? ఆయన తల్లిని తిట్టారు. మ్యాచ్ రెండుసార్లు ఆపారు. అప్పటికి బయెర్న్ 6-0 ముందుంది, చివరి పదమూడు నిమిషాలు రెండు టీములూ ఒకరికొకరు పాసులిచ్చుకుంటూ నిలబడ్డారు. మర్నాడు అందరూ తిట్టు గురించే మాట్లాడారు. ఆ రూలు గురించి, ఆ రెండేళ్ల నిషేధం గురించి చెప్పాలనుకున్నది తిట్టు కింద పడి కొంతకాలం ఎవరికీ వినపడలేదు.

మీది అంత పచ్చి తిట్టు కాదు, ఒప్పుకుంటాను, సెల్ఫ్ గోల్ మాట చదివి నేనూ నవ్వాను. అయినా ఆ బొమ్మ తీసేయండి.

రాయగడ రైలుబండి:

నల్లకోటు వేసుకునే పని నాది, అందుకని ఒక చిన్న ముక్క. బొమ్మ చూసి ఎవరో గుర్తుపట్టగలిగితే పేరు రాయకపోయినా పరువు నష్టం కేసు పెట్టొచ్చు, ఇప్పుడు అది భారతీయ న్యాయ సంహితలో 356వ సెక్షన్. నిలబడుతుందా లేదా వేరే సంగతి. వాయిదాలకి తిరిగేది మీ బావ. బస్సు చార్జీలు కూడా ఆయనవే.

ఛత్రపురం హావ్‌డా ప్యాసింజర్:

నేను ఛత్రపురం వాణ్ణి, ఆరేళ్లు కోల్‌కతాలో ఉద్యోగం చేసి వచ్చాను. ఎవరూ పట్టించుకోని సంగతి ఒకటి ఉంది, భాష.

2020 జనవరి 19న సాల్ట్ లేక్ స్టేడియంలో డెర్బీకి, అంటే ఆ ఊరి రెండు పెద్ద క్లబ్బులు ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్ మ్యాచ్‌కి వెళ్లాను, ఈస్ట్ బెంగాల్ వైపు గ్యాలరీ నిండా ఒక పెద్ద బ్యానర్ కిందికి దిగింది. ఈ నేల కాగితాలతో కాదు, రక్తంతో కొన్నది అని దాని అర్థం. ఎన్ఆర్‌సీ గొడవ, అంటే పౌరులమని కాగితాలు చూపించాలన్న గొడవ నడుస్తున్న రోజులు, ఆ క్లబ్బు అభిమానుల్లో చాలామంది తాతలు తూర్పు బెంగాల్ నుంచి వచ్చినవాళ్లే. అవతలి గ్యాలరీలో ఉన్న మోహన్ బగాన్ వాళ్లకి నచ్చినా నచ్చకపోయినా అది బెంగాలీలో ఉంది, ప్రతి ఒక్కరూ చదివారు. మధ్యలో అర్థం చెప్పే పెద్దమనిషి అక్కర్లేదు.

మీ బ్యానర్ ఊళ్లో సగం మందికి చదవడం రాదు. బొమ్మ ఒక్కటే అర్థమైంది, మిగతాది "దొంగ" అన్నాయన చెప్పిందే నమ్మారు. అందులో మనకి ఇంకో ఇబ్బంది ఉంది, ఇక్కడ ఉండేవాళ్లకి చెప్పక్కర్లేదు. షాపుల గొడవ ఊరందరిదీ. తెలుగులో మాత్రమే రాస్తే అది ఒక్కసారిగా "తెలుగువాళ్ల గొడవ" అయిపోతుంది. గంజాం 1936లో ఒడిశాలో కలిసింది, మనం ఇక్కడే ఉన్నాం, అమ్మవారి ఠాకురాణీ యాత్ర ఇద్దరం కలిసే చేస్తున్నాం, అయినా ఇలాంటి చోట ఎవడో ఒకడు "మీవాళ్లు" అనేస్తాడు. కమిటీ వాళ్లకి ఆ సాకు మీరే అందించారు.

బ్యానర్ మనుషుల్ని ప్రాంతం పేరుతో విడదీస్తే ఏమవుతుందో 2008 మార్చిలో ఫ్రాన్సులో చూశాం. పారిస్ క్లబ్బుకీ ఉత్తరాన ఉన్న లాన్స్ అనే ఊరి క్లబ్బుకీ లీగ్ కప్పు ఫైనల్. దేశాధ్యక్షుడు కూడా గ్యాలరీలో ఉన్నాడు. పారిస్ వాళ్లు బ్యానర్ మీద ఉత్తరాది జనాన్ని పిల్లల్ని చెరిచేవాళ్లని, పనీపాటా లేనివాళ్లని, రక్తసంబంధంలో పెళ్లిళ్లు చేసుకునేవాళ్లని తిట్టారు. (మేనరికం మనకి మర్యాద, అక్కడ తిట్టు. ఇక్కడ ఎవరైనా ఆ బ్యానర్ కడితే "అవును, అయితే ఏంటి" అని ఊరుకునేవాళ్లం.) పారిస్ ఆ మ్యాచ్ గెలిచింది గానీ గెలుపు ఎవరికీ గుర్తులేదు. మరుసటి ఏడాది ఆ కప్పు ఆడనివ్వమన్నారు, అప్పీలు మీద బయటపడ్డారు. అభిమానుల సంఘం ఒకదాన్ని ప్రభుత్వమే రద్దు చేసింది. అలాంటి బ్యానర్ తీయించడం న్యాయం. మీది ఆ జాతిది కాదు. కానీ తెలుగు చదవలేనివాడికి రెండూ ఒకలాగే కనిపిస్తాయి.

ఒడియాలో రాయండి. తెలుగు కింద రాయండి, పైన రాయండి, మీ ఇష్టం, కానీ ఒడియాలో కూడా ఉండాలి.

గోల్‌పోస్టు చంకలో:

నేనే ఆ బావని. ఈ పేరు పెట్టుకోవడానికే అకౌంట్ తెరిచాను.

అందరూ సలహాలు బాగానే ఇస్తున్నారు. గుడ్డ నాది, పెయింటు నాది, రాత్రి రెండు దాకా మేల్కొన్నది నేను. పది నంబరు చెల్లెమ్మా, బొమ్మ తీసేయమన్నావు. బొమ్మ లేకుండా లైను ఒక్కటే ఉంటే ఆయన కారు దిగేవాడా? గీత గీసి మూడు నెలలైంది, వార్డు మెంబరుని అడిగాం, కాగితం ఇచ్చాం, ఒక్కడు పలకలేదు. బొమ్మ కట్టిన నలభై ఐదు నిమిషాలకి నలుగురు పరిగెత్తుకొచ్చారు. ఏది పనిచేసిందో మీరే చెప్పండి. నవ్వితేనే వాళ్లకి నొప్పి.

పోలండ్‌లో లెగియా వార్సా అభిమానులు 2017లో వార్సా తిరుగుబాటు గురించి బ్యానర్ కట్టారు, జర్మన్ సైనికుడు చిన్న పిల్లాడి తలకి తుపాకి పెట్టినట్టు బొమ్మ, చచ్చిపోయినవాళ్ల లెక్క. యుయెఫా 35,000 యూరోలు జరిమానా వేసింది. ఆ తర్వాత వాళ్లు ఏం చేశారో తెలుసా, ఆ 35,000 జరిమానా మీదే ఇంకో బ్యానర్ కట్టారు, యుయెఫాని పందిలా గీసి. అదీ జవాబంటే. వాళ్లు బొమ్మ తీసేద్దామని కూర్చుని మాట్లాడుకోలేదు.

ఇంకో సంగతి. పోస్టు పెట్టినాయన చాలా అమాయకంగా "ఇద్దరికీ మధ్యలో ఉన్నాను" అన్నాడు. "సెల్ఫ్ గోల్ ఎవరిది సార్" అన్న లైను ఎవరు చెప్పారో అడగండి. నేను బొమ్మ వరకే వేశాను. ఆ మాట చెప్పి, పగలబడి నవ్వి, బ్రష్ నా చేతికి అందించింది మన స్టాపరే.

జయపురం లెఫ్ట్ వింగ్:

ఇదిగో, ఇప్పుడు ఆట రసవత్తరంగా ఉంది.

బరంపురం స్టాపర్:

నిజమే. ఆ లైను నాదే. పోస్టులో రాయలేదు, రాయాల్సింది. కెప్టెన్‌కి కూడా ఇప్పటిదాకా తెలీదు, ఇప్పుడు తెలిసుంటుంది, ఫోన్ ఎత్తడం లేదు.

పర్లాకిమిడి పాత విజిల్:

బావగారికి. నవ్వితే వాళ్లకి నొప్పి అన్నది నిజమే, నేను కాదనను. కానీ నొప్పి పుట్టాక ఏం జరిగింది? గీత అక్కడే ఉంది, బ్యానర్ పోయింది.

మీ ఇద్దరికీ ఒక పని చెప్తాను. ఇంతమందిమి ఇంత రాశాం, ఒక్కరు కూడా టేపు తీసుకుని కొలిచారా? ఎనిమిది అంగలు అంటే ఎవడి అంగలు? ఫుట్‌బాల్ రూల్సులో మొట్టమొదటిదే గ్రౌండ్ గురించి. పొడవు 90 నుంచి 120 మీటర్లు, వెడల్పు 45 నుంచి 90 మీటర్లు. ఊరి టోర్నమెంట్లలో దీన్ని కొంచెం సడలిస్తారు, పిల్లల మ్యాచ్‌లకి తగ్గిస్తారు, అది వేరు. కానీ రేపు మీ ఊళ్లో పెద్ద మ్యాచ్ పెట్టాలంటే ఆ లెక్కే అడుగుతారు. ఇప్పుడు వెడల్పు ఎంతుంది, గీత దగ్గరికి కొలిస్తే ఎంతవుతుంది, రెండూ కొలవండి. 45 కంటే తగ్గితే ఆ అంకె ముందు పెట్టండి. అంకెని పట్టుకుని పరువు నష్టం కేసు వేయలేరు, ఏమంటారు నల్లకోటు గారూ? దానికి తెలుగు, ఒడియా అన్న గొడవ కూడా ఉండదు.

బొమ్మ మాత్రం ఆదివారం వద్దు. తర్వాత మీ ఇష్టం.

రాయగడ రైలుబండి:

వేయలేరు. వేసినా టేపుని సాక్షిగా పిలవాలి.

గుణుపురం పది నంబరు:

మాస్టారూ, ఇది మొదటే చెప్పొచ్చుగా!

గోల్‌పోస్టు చంకలో:

అంకెల్ని చూసి ఎవడు నవ్వుతాడు?

బరంపురం స్టాపర్ (శనివారం రాత్రి):

చివరి అప్‌డేట్, రేపు మూడింటికి మ్యాచ్, పడుకోవాలి.

నిన్న పొద్దున్న నేను, బావ, కెప్టెన్ ముగ్గురం టేపు పట్టుకుని వెళ్లాం. కెప్టెన్ ఎలా వచ్చాడంటే, గురువారం రాత్రి వాళ్లింటికి వెళ్లి ఆ లైను నాదేనని ఒప్పుకున్నాను. వాడు చాలాసేపు ఏమీ అనలేదు, తర్వాత అది ఒడియాలో ఎలా చెప్తారో అడిగి తనూ నవ్వాడు, వెంటనే మళ్లీ మొహం సీరియస్‌గా పెట్టుకున్నాడు. బావ టేపు ఆ చివర పట్టుకున్నాడు గానీ నాతో మాట్లాడలేదు. ఇప్పుడు గ్రౌండ్ వెడల్పు 49 మీటర్లు. సున్నం గీత దాకా కొలిస్తే 43. రెండుసార్లు కొలిచాం. మూడోసారి కమిటీ సెక్రటరీ వచ్చి ఏం చేస్తున్నారని అడిగితే టేపు చివర ఆయన చేతికే ఇచ్చాం. 43 అని ఆయనే పైకి చదివాడు.

గుడ్డని అడ్డంగా కోశాం. పై సగం మీద "బంతికి చోటు లేదు, కొట్లకి ఉందా?" అలాగే ఉంది. దాని కింద అదే మాట ఒడియాలో కెప్టెన్ తన చేత్తో రాశాడు. మావాడి అక్షరాలు అంత గొప్పగా ఉండవు, చివరి మాట కిందికి జారిపోయింది. పక్కన పెద్దగా "కావాల్సింది 45, మిగిలేది 43". సాయంత్రం సెక్రటరీకి చూపించాం. అటు చూశాడు, ఇటు చూశాడు, పెయింటు ఆరిందా అని అడిగి వెళ్లిపోయాడు. సరే అన్నట్టా కాదన్నట్టా ఎవరికీ అర్థం కాలేదు, తీసుకెళ్తున్నాం. 3-0 రాస్తే ఏం చేయాలో మాత్రం ఎవరం మాట్లాడుకోలేదు.

బావ ఇంకా అలిగే ఉన్నాడు. కోసిన కింది సగం తనకి కావాలన్నాడు, ఇద్దామని వెతికితే ఇంట్లో లేదు. మా అమ్మ అప్పటికే డాబా మీద పరిచి గుమ్మడి వడియాలు పెట్టేసింది. బొజ్జ మీద వరుసగా నాలుగు, గోల్‌పోస్టు మీద ఆరు. అవి ఎండేదాకా ఆ గుడ్డ ఎవరూ ముట్టుకోవద్దంది.